శౌరమ్మ జపం

మా ఆవిడ శౌరమ్మ నోరు ఊరుకోదు. మాట్లాడుతుందని కాదు. దవడ పక్కకి జరుగుతుంది, మళ్ళీ ఇవతలకి వస్తుంది. పెదాలు ముడుచుకుంటాయి, విడిపోతాయి. నాలుక చివర బైటికి వచ్చి లోపలికి పోతుంది. లేచిన కాడ్నించి పడుకునేదాకా ఇదే. నిద్రలో మాత్రం ఆగుతుంది. పాట పాడేటప్పుడు కూడా ఆగుతుంది.

మొదట్లో పన్ను నొప్పి అనుకున్నాను. తర్వాత వక్క నవులుతుందేమో అనుకున్నాను.

"ఏందే నవుల్తున్నావు?" అంటే నోరు తెరిచి చూపించింది. లోపల ఏమీ లేదు. నోరు అట్టా తిరుగుతుందని తనకే తెలియదు అప్పటికి.

శౌరమ్మ మనసు జబ్బుకి బిళ్ళలు మింగబట్టి ఇరవై ఏళ్ళ పైమాటే. అప్పుడు మేం చల్లపల్లి దగ్గర ఉండేవాళ్ళం. మాకు ఒక్కతే కూతురు, వినీల. అది చిన్నపిల్ల. ఉన్నట్టుండి శౌరమ్మ అన్నంలో ఏదో కలిపారని కంచం తోసేసేది. మైకులో తన పేరు పెట్టి తిడుతున్నారనేది. ఊళ్ళో ఎక్కడా మైకు ఉండేది కాదు. ఒక మిట్టమధ్యాహ్నం పిల్లని చంకన వేసుకుని కాలవలోకి దిగింది. గట్టు మీద గడ్డి కోసుకునే వాళ్ళు చూశారు కాబట్టి ఇద్దరూ దక్కారు. పిల్లని ఎందుకు తీసుకుపోయావే అని అడిగితే, "ఏ పిల్ల?" అంది.

విజయవాడ తీసుకుపోయి చూపిస్తే బిళ్ళలు రాశారు. బిళ్ళలతో మనిషి మనిషైంది. అది నేను మర్చిపోలేదు. అయితే బిళ్ళలు ఉత్తినే కూడా పోలేదు. ముందు చొంగ కారేది. నడిస్తే చేతులు ఊగేవి కావు, కొయ్యబొమ్మని తోసినట్టు ఉండేది. కూర్చుంటే కాళ్ళు కుదురుగా ఉండేవి కావు, లేచి వాకిట్లో తిరిగేది. తర్వాత ఒళ్ళు వచ్చింది. చేతులు వణికాయి, దానికి ఇంకో బిళ్ళ ఇచ్చారు. అన్నిటికీ ఒప్పుకున్నాం. కాలవ కంటే నయమే గదా. కొన్నాళ్ళకి డాక్టరు కాడికి పోవడం మానేశాం. మందుల కొట్లో పాత చీటీ చూపిస్తే అవే బిళ్ళలు ఇచ్చేవాడు. బాగున్న మనిషిని డాక్టరుకి ఏం చూపిస్తాం అనుకున్నాం.

తర్వాత చెరుకు పనికి ఉయ్యూరు పక్క ఊరికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఈ ఊరి వాళ్ళకి శౌరమ్మ జబ్బు సంగతి తెలియదు. మేం చెప్పలేదు.

మా కతోలిక గుళ్ళో ఆడవాళ్ళు ఎడం పక్క చాపల మీద కూర్చుంటారు. ఈస్టరుకి ముందు తపస్కాలంలో రోజూ సాయంత్రం జపమాల ఉంటుంది. అయిపోయాక అందరూ పూసలు కళ్ళకి అద్దుకుని కబుర్లలో పడతారు. శౌరమ్మ పెదాలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. అది అమలమ్మ చూసింది. అమలమ్మ మరియదళానికి, అంటే గుళ్ళో జపాలు నడిపే ఆడవాళ్ళ గుంపుకి, పెద్ద. గుళ్ళో ఆడవాళ్ళంతా ఆమె మాట మీదే నడుస్తారు.

"చూడండే! మనకి జపమాల ఐదు పదులు చెప్పేసరికి నడుం పట్టేస్తుంది. ఈ మహాతల్లిని చూడండి, పూసలు కొంగున కట్టుకుని కూడా జపం ఆపట్లేదు" అంది.

అంతే. ఆ మాట ఊరంతా పాకింది. బజార్లో, చేలో, పంపు కాడ, ఎక్కడ చూసినా శౌరమ్మ పెదాలు ఆడుతూనే ఉంటాయి గదా. ఎవరన్నా ఎందుకు అనుమానపడతారు? జ్వరం వచ్చిన పిల్లల్ని తెచ్చి చెయ్యి పెట్టమనే వాళ్ళు. పరీక్షలకి పోయే వాళ్ళు వచ్చి తల వంచే వాళ్ళు. మాణిక్యం అని పాలు పోసే ఆమె ఉంది, గేదె చూడి కట్టట్లేదని వచ్చి వాకిట్లో కూర్చుంది.

శౌరమ్మ వాళ్ళకి చెప్పకపోలేదు. నా ముందే చెప్పింది.

"అక్కా, నేను జపం చెయ్యట్లేదు. నా నోరు దానంతటది తిరుగుతుంది" అంది.

అమలమ్మ నవ్వింది. "విన్నారా? పెద్ద భక్తులు అట్టానే అంటారు. తగ్గింపు గుణం అంటే అదీ!"

శౌరమ్మ కాదన్న కొద్దీ వాళ్ళ నమ్మకం ఎక్కువైంది.

వానల్లో ఒక ఆదివారం పూజలో జరగరానిది జరిగింది. ఫాదరు గారు శౌరమ్మ నాలుక మీద సత్ప్రసాదం అప్పం పెట్టారు. పెట్టి పక్కకి తిరగబోయే లోపే నాలుక దాన్ని బైటికి తోసేసింది. గచ్చు మీద పడింది. గుడి మొత్తం ఊపిరి బిగబట్టింది. ఫాదరు గారు వంగి తీసుకున్నారు. ఆ చోట తెల్లగుడ్డ కప్పారు, పూజ అయ్యాక నీళ్ళతో కడిగారు. శౌరమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ పూట అన్నం తినలేదు.

ఆ రోజు నుంచి ప్రసాదానికి లేవడం మానేసింది. పూజకి వస్తుంది, చాప మీద కూర్చుంటుంది, అందరూ వరసలో పోతుంటే తల వంచుకుంటుంది. మళ్ళీ పడేస్తానని భయం. చేతిలో పెట్టించుకోవే అన్నాను. "చేతిలో పెట్టినా నోట్లోకే గదా మావా పోవాల్సింది" అంది.

ప్రసాదం తీసుకోని వాళ్ళని మావాళ్ళు ఊరికే వదలరు. పాపం ఉన్నవాళ్ళే తీసుకోరని లెక్క. క్రిస్మసు పూజకి కూడా లేవకపోయేసరికి అమలమ్మ మెట్ల కాడ ఆపింది.

"అంత జపం చేసే మనిషివి, పండగ పూట కూడా ప్రసాదం తీసుకోకపోతివి. ఏం మనసులో పెట్టుకున్నావే తల్లీ? పోయి ఫాదరు గారి కాడ పాపసంకీర్తనం చేసుకోరాదా?"

"చేసుకున్నాను అక్కా."

"మరి?"

శౌరమ్మ మెట్లు దిగబోయింది. పెదాలు ఆడుతున్నాయి. "అదిగో, మళ్ళీ జపం" అంది ఎవరో వెనక నుంచి.

పండక్కి వినీల వచ్చింది. అది ఏలూరులో నర్సు. చాన్నాళ్ళకి వచ్చిందేమో, గడపలోనే ఆగిపోయింది.

"అమ్మ నోరేంది నాన్నా అట్టా తిరుగుతుంది? ఆ బిళ్ళల వల్లే అయ్యుంటుంది. డాక్టరు దగ్గరికి తీసుకుపో. అశ్రద్ధ చెయ్యబోకు" అంది.

వంటింట్లో శౌరమ్మ ఆ మాట విన్నది. వినీల ఏలూరు పోయింది. ఆ మర్నాడు రాత్రి అన్నాలయ్యాక నేను బిళ్ళ ఇస్తే తీసుకోలేదు.

"నేను మింగను."

"ఏం?"

"ఆ బిళ్ళే నా నోట్లోంచి ప్రసాదాన్ని తోసేసింది. ఇరవై ఏళ్ళు మింగాను మావా. ఇంక చాలు."

నేను బతిమాలటం ఎరగను. బిళ్ళ చేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తను గోడ వైపు తిరిగి పడుకుంది.

మానేస్తే నోరు ఆగుతుందనుకుంది. ఆగలేదు. ఇంకా ఎక్కువైంది. నాలుక పళ్ళ కింద పడి చీరుకుపోయింది. నిద్ర లేకుండా పోయింది. మంచం మీద లేచి కూర్చునేది. ఒకనాడు మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని చూస్తా ఉంది.

"ఇది ఎవరు వండారు?" అంది.

"నువ్వే."

"నేనా?"

మెతుకు ముట్టుకోలేదు. వినీలకి ఫోను చేశాను. విజయవాడలో ఒక డాక్టరమ్మ పేరు చెప్పింది. మర్నాడు పొద్దున్నే శౌరమ్మని బస్సెక్కించాను. రమ్మంటే వస్తుందో రాదో అనుకున్నాను, వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని బందరు కాలవ వైపు చూడకుండా దారంతా తల ఇవతలికి తిప్పుకుని కూర్చుంది. తనకీ భయం వేసిందని అప్పుడు తెలిసింది నాకు.

ఆ డాక్టరమ్మ పేరు సంయుక్త. మా వినీల వయసు ఉంటుంది. చీటీ చూసి, "ఇది ఎప్పటిదండీ బాబూ!" అంది. శౌరమ్మని వేళ్ళు ఆడించమంది, లేచి నడవమంది, నాలుక బైట పెట్టి ఉంచమంది. ఉంచలేకపోయింది.

"ఇది మీ జబ్బు కాదమ్మా. బిళ్ళ వల్ల వచ్చింది. చాలా ఏళ్ళు వాడితే కొందరికి ఇలా వస్తుంది. నోరు తిరగడం మొదలైనప్పుడే వస్తే బాగుండేది."

"మానేస్తే పోద్ది గదమ్మా?" అంది శౌరమ్మ.

"మానేశారుగా. పోయిందా?"

శౌరమ్మ నా వైపు చూసింది. "ఎక్కువైంది" అన్నాను.

"ఒక్కసారిగా మానేస్తే ముందు ఎక్కువే అవుతుంది. పాత జబ్బు కూడా తిరగబెడుతుంది. తిరగబెడుతోంది కూడా, కదండీ?" అని నన్నడిగింది. తలూపాను. "బిళ్ళ మీద కోపం తెచ్చుకోకండమ్మా. మిమ్మల్ని ఇన్నాళ్ళు నిలబెట్టింది అదే. ఇప్పుడు దాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ ఇంకోటి మొదలుపెడదాం. దానికి రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. నోటికి కూడా వేరే మందు ఇస్తాను. తగ్గొచ్చు. పూర్తిగా పోతుందని మాత్రం నేను మాటివ్వలేను. నెలలు పడుతుంది."

"అన్నాళ్ళూ నేను ప్రసాదం తీసుకోకుండా ఉండాలా?"

"ఏం ప్రసాదం అమ్మా?"

"మా గుళ్ళో ఇచ్చేది. సత్ప్రసాదం. అప్పం. నాలిక మీద పెడతారు."

"చేతిలో పెట్టించుకుని మెల్లగా తినొచ్చుగా?"

"తినేది కాదమ్మా అది" అంది శౌరమ్మ. "ఆయనే అది. నేను ఆయన్ని కింద పడేశాను" అంది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఏమనుకోకండి, నాకు తెలియక అన్నాను. మరి మీ ఫాదర్‌గారికి చెప్పారా, ఇది మందు వల్ల అని?"

"మా జబ్బు సంగతి అక్కడ ఎవరికీ తెలియదండి" అన్నాను నేను.

"చెబితే ఏమవుతుంది?"

ఏమవుతుందో చల్లపల్లిలో చూశాం మేము. పిచ్చి శౌరమ్మ మొగుడు అనే వాళ్ళు నన్ను. వినీలని పిచ్చిదాని కూతురు అనే వాళ్ళు. చెరుకు పని పేరు చెప్పి ఊరు మారింది అందుకే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు పెనమలూరు దాటాక శౌరమ్మ నోరు విప్పింది.

"మావా, నువ్వు చెప్పాలి."

"ఎవరికి?"

"గుళ్ళో. అందరికీ. నేను చేసేది జపం కాదని, బిళ్ళ వల్ల అని."

"నువ్వే చెప్పరాదా."

"నేను చెబితే తగ్గింపు అంటారు గదా. నువ్వు చెబితే నమ్ముతారు. నువ్వు సత్యవంతుడివని కాదులే, నువ్వసలు మాట్లాడవు గాబట్టి."

నాకు నవ్వు వచ్చింది. తనకి రాలేదు.

"చెబితే మళ్ళీ పిచ్చి శౌరమ్మ అంటారు" అన్నాను.

"అననీ. దొంగ భక్తురాలిగా ఉండేకంటే పిచ్చిదాన్నే నయం. పసిబిడ్డల్ని తెచ్చి నా కాళ్ళ మీద పెడుతున్నారు. చేయని జపానికి నేను చెయ్యి పెడుతున్నాను. నా నోరు దేవుడి ఎదురుగా అబద్ధం ఆడతా ఉంది రోజూ. ఆ నోట్లోకి ఆయన ఎట్టా వస్తాడు?"

"పడేసింది నాలికే. నువ్వు కాదు."

"అదే చెప్పమంటున్నా." కాసేపు కిటికీ బైట చెరుకు ట్రాక్టర్లు చూసింది. "కొత్త బిళ్ళలు ఆదివారం దాకా మింగుతాను. ఆదివారం నువ్వు చెప్పి, నాకు ప్రసాదం ఇప్పించు. ఇప్పించకపోతే నన్ను మింగమని అడగబోకు. కాలవైనా సరే."

అది బెదిరింపు కాదు. శౌరమ్మ బెదిరించే మనిషి కాదు. చెప్పిందంటే అంతే.

శనివారం ఫాదరు గారి బంగళాకి పోయాను. ఆయన చిన్నవాడు, మా గుడికి వచ్చి ఎంతో కాలం కాలేదు. చెప్పాల్సింది చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ముందే చెబితే ఏం పోయేది ఇన్నాసి గారూ?" అన్నారు చివరికి. "మింగలేని వాళ్ళకి చిన్న తునక చెంచాడు నీళ్ళలో వేసి ఇవ్వట్లేదా? రేపు పూజ అయ్యాక మీ ఇంటికే తెస్తాను."

"ఇంటికి వద్దంటుందండి. మంచాన పడలేదు గదా, గుళ్ళోనే ఇవ్వమంటుంది. అందరికీ చెప్పినాక."

"సరే. నేను చెప్పనా?"

చెప్పండి అనాలని నోటి దాకా వచ్చింది. "నన్నే చెప్పమంది" అన్నాను.

ఆదివారం పూజకి ముందు ఫాదరు గారు, "ఇన్నాసి గారు ఒక మాట చెబుతారు" అన్నారు. జనం తలలు తిప్పి చూశారు. చందా అడుగుతానేమో అనుకుని ఉంటారు. నేను గుళ్ళో ఏనాడూ లేచి మాట్లాడింది లేదు.

"మా ఆవిడకి మనసు జబ్బు" అన్నాను. "ఇరవై ఏళ్ళ కిందట వచ్చింది. బిళ్ళలతో బాగుంది. నోరు అట్టా తిరిగేది బిళ్ళల వల్ల. జపం కాదు. తను మీకు చెప్పింది, మీరు వినలేదు. ఆ రోజు ప్రసాదం పడింది కూడా అందుకే. తన తప్పు లేదు. ఇంకేమీ లేదు."

కూర్చున్నాను. శౌరమ్మ పక్కన కూర్చున్న ఒకామె ఒళ్ళో పిల్లని అవతలి పక్కకి మార్చుకుంది. అది నేను చూశాను. శౌరమ్మా చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ మమ్మల్ని ఎర్రోళ్ళని చేశారా?" అంది అమలమ్మ. "ఏం మరిదీ, నీకు నోరు లేకపోయిందా? మా తమ్ముడి పిల్లోడికి టైఫాయిడు వస్తే నీ పెళ్ళాం కాళ్ళ దగ్గర పడుకోబెట్టానే!"

నేను తల దించుకున్నాను. ఆమె అడిగింది న్యాయమే.

వెనక నుంచి మాణిక్యం అడిగింది, నిజంగానే తెలియక అడిగింది: "మరి నా గేదె కట్టిందిగా?"

"నీ గేదె సంగతి దున్నపోతుని అడుగు" అంది శౌరమ్మ.

మగవాళ్ళ వైపు ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత ఆడవాళ్ళూ నవ్వారు. ఫాదరు గారు పుస్తకం వెనక మొహం దాచుకున్నారు. అమలమ్మ మాత్రం నవ్వలేదు. లేచి, చాప మార్చి ముందుకు పోయి కూర్చుంది. శౌరమ్మకి రెండు పక్కలా ఖాళీ మిగిలింది.

పూజ నడిచింది. పాటల్లో శౌరమ్మ గొంతు వినపడింది. పాడేటంతసేపు దవడ కుదురుగా ఉంది. పాట ఆగగానే మళ్ళీ మొదలైంది.

ప్రసాదం వేళకి అందరి తర్వాత లేచింది. నన్ను కూడా రమ్మని కళ్ళతో పిలిచింది. ఫాదరు గారు గడ్డం కింద పట్టుకోమని ఇత్తడి పళ్ళెం నా చేతికి ఇచ్చారు. తన నోరు ఎటు ఊగితే అటు పళ్ళెం జరుపుతున్నాను. ఫాదరు గారు అప్పంలోంచి గోరంత తునక విరిచి చెంచా నీళ్ళలో వేశారు. తొందరపడలేదు. నాలుక బైటికి వచ్చి లోపలికి పోయేదాకా చూసి, పోగానే చెంచా లోపల పెట్టారు.

శౌరమ్మ పెదాలు మూసింది. దవడ పక్కకి లాగింది. పెదాల మూల నుంచి ఒక నీటిబొట్టు జారి పళ్ళెంలో పడింది. ఫాదరు గారు పళ్ళెంలోకి చూసి, "నీళ్ళేనమ్మా. మింగండి" అన్నారు మెల్లగా. శౌరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. మెడ నరాలు తేలాయి. నాలుక బైటికి రావాలని పెనుగులాడుతుంది, పళ్ళ మధ్య దాన్ని బిగబట్టింది. గొంతు ఒక్కసారి పైకి లేచి కిందకి దిగింది.

అప్పుడు నోరు వదిలేసింది. నాలుక బైటికి వచ్చింది. దాని మీద ఏమీ లేదు.

ఇంటికి పోయే దారిలో ఎవరూ మాతో నడవలేదు. చెరుకు బండి ఒకటి పోతుంటే పక్కకి జరిగి నిలబడ్డాం.

"పోయిందా లోపలికి?" అంది శౌరమ్మ.

"పోయింది."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"ఇంకోసారి చెప్పు."

"పోయింది శౌరీ. నేను చూశాను" అన్నాను.

నాలుగడుగులు వేశాక అడిగింది, "కొత్త బిళ్ళ అన్నానికి ముందా, తర్వాతా?"